అరవై నలుగురు వైర్‌మన్లు

ఆ రోజు పొద్దున వైర్‌మన్ భార్యకి చెప్పిన పథకంలో మూడే పనులున్నాయి. ఎనిమిదింటికల్లా ఫ్యాక్టరీకి చేరడం, గోడల మీదున్న ఏడు వైఫై డబ్బాలకూ దుమ్ము తుడవడం, పదకొండింటికి వచ్చే తనిఖీ అధికారిణి ఎదుట నోరు మూసుకుని నిలబడడం. పెద్ద చదువులు చదివినవాళ్ల కంటికి నోరు మూసుకున్నవాడు తెలివైనవాడిలా కనిపిస్తాడని ఇరవై మూడేళ్ల సర్వీసులో అతను గ్రహించాడు. ఏడో తరగతితో బడి మానేసినవాడికి ఇంతకంటే చవకైన ఉపాయం దొరకదు.

"మూడో పని మీవల్ల కాదు" అంది భార్య, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ.

"నోరు మూసుకోవడం నాకు చేతకాదా?"

"నోరు మూసుకుంటారు. మొహం మూసుకోరుగా. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మీ మొహం మీద తిట్లన్నీ వరసగా అచ్చేసినట్టు కనిపిస్తాయి."

ఆమె అదే ఫ్యాక్టరీలో ఇస్త్రీ హాలుకి సూపర్వైజరు. పద్దెనిమిది మంది ఆమె చూపుకే గుడ్డ మడతల్లా సర్దుకుంటారు. వైర్‌మన్ ఒక్కడే ఇంకా ముడతలు పోకుండా మిగిలాడు.

అతని చొక్కా జేబులో వారం నుంచి ఒక ఉత్తరం నలుగుతోంది. ప్రధాన కార్యాలయం నుంచి వచ్చింది. మీ యూనిట్‌లో వైఫై లాగిన్‌కు సగటున డెబ్బై ఒక్క సెకన్లు పడుతున్నది, తనిఖీ నాటికి అయిదు సెకన్లకు తగ్గని పక్షంలో నిర్వహణ పనులు బయటి కాంట్రాక్టరుకు అప్పగించి వైర్‌మన్ పోస్టును రద్దు చేయడమవుతుంది, అని దాని సారాంశం. సారాంశం మూడు లైన్లే. మిగతా పేజీ అంతా మర్యాద.

ఆసుపత్రుల నుంచి వచ్చే దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి తిరిగి పంపడం ఆ ఫ్యాక్టరీ పని. ఒకప్పుడు ప్రతి మూట మీదా సుద్దముక్కతో గీత గీసేవారు. గీత ఎవరినీ నువ్వెవరని అడిగేది కాదు. రెండేళ్ల కిందట ప్రధాన కార్యాలయంలో ఎవరికో నిద్ర పట్టక, ప్రతి మనిషి చేతికీ ఒక స్కానరు తగిలించారు. మూట మీది చీటీని అది 'కీచ్' మనిపిస్తేనే మూట కదలాలి. స్కానరు కీచుమనాలంటే మనిషి తన పేరుతో, తన పాస్‌వర్డుతో వైఫైలోకి లాగిన్ కావాలి. అక్కడితో ఆగారా అంటే, హాజరు కూడా దానికే కట్టారు. హాళ్ల మధ్య తలుపులు తెరుచుకోవడం, క్యాంటీన్లో భోజనం పెట్టడం కూడా దాని చేతుల్లోనే పెట్టారు.

తిరకాసు ఎక్కడుందంటే, హాలుకో వైఫై డబ్బా. ఉతుకుడు హాలు దాటి ఆరబెట్టే హాల్లోకి వెళ్లాలంటే అక్కడి డబ్బా మళ్లీ మొదటి నుంచి పేరడుగుతుంది. ఆ డబ్బాకి సొంత బుర్ర లేదు. పేరు పట్టుకుని ప్రధాన కార్యాలయంలోని కంప్యూటరుని అడుగుతుంది. ఆ కంప్యూటరు తొమ్మిది యూనిట్ల జనం జాబితాను తీరిగ్గా తిరగేసి, 'అవును, మనవాడే' అని కబురు చేస్తుంది. ఈ ఆనవాళ్ల విచారణ ముగిసేసరికి డెబ్బై ఒక్క సెకన్లు. ముందు హాల్లో మనిషిని పక్క హాల్లో మనిషిగా నమ్మడానికి అంత ఆలోచన కావాలి మరి.

దాంతో ప్రతి గుమ్మం దగ్గరా ట్రాలీలు బారులు తీరేవి. జనం స్కానర్లు పైకెత్తి పట్టుకుని బొమ్మల్లా నిలబడేవారు. ఎత్తి పట్టుకుంటే తొందరగా అవుతుందని ఒకరి నమ్మకం. కాదు, ఊపిరి బిగబట్టాలని ఇంకొకరి నమ్మకం. మడతల విభాగంలో అందరికంటే పెద్దదైన పెద్దమ్మ ఈ ఎదురుచూపుల్లోనే మనవడికి స్వెట్టరు అల్లుతోంది. ఆర్నెల్లలో రెండు చేతులూ మెడా అయ్యాయి. లాగిన్ బాగుపడితే స్వెట్టరు ఆగిపోతుందని ఆమె బెంగ.

ఆ పొద్దున ఏడో డబ్బా తుడిచి నిచ్చెన దిగాక, వైర్‌మన్ తన స్కానరు తీసి లాగిన్ కొట్టి చూశాడు. రెండు సెకన్లలో తలుపు తెరుచుకుంది.

అతను నమ్మలేదు. పక్క హాలుకి వెళ్లి కొట్టాడు. రెండే. ఇంకో హాలు. రెండే. మామూలుగా అతను పొద్దున్నే గేటు దగ్గర ఒకసారి లాగిన్ కొట్టి, స్కానరుని కరెంటు గదిలో మేకుకి తగిలించేసి, ఆపైన ఎవరో తెరిచిన తలుపులోంచి నిచ్చెనతో సహా దూరిపోయే రకం. గేటు దగ్గర వెంటనే అయిపోతుంటే, ఎనిమిదింటికి రద్దీ ఉండదు కదా, అందుకని అనుకునేవాడు. ఇప్పుడు అసలు సంగతి గుర్తుకొచ్చింది. డబ్బాలు బిగించిన రోజు కాంట్రాక్టరు మనిషి, "అన్నా, పరీక్షకి ఒక పేరు కావాలి" అంటూ 'వైర్‌మన్ ఒకటి' అని డబ్బాల పొట్టలోనే రాసుకున్నాడు. తర్వాత దాన్ని చెరపడం మరిచిపోయాడు. అంటే అతనొక్కడి గురించి మాత్రం డబ్బాలు పైవాళ్లని అడగక్కర్లేదు. వాటికే తెలుసు.

ఫ్యాక్టరీలో వైర్‌మన్ రెండు అంటూ ఎవరూ లేరు. ఇస్తామని చెప్పి పదేళ్లయింది.

మేనేజరు తన గదిలో టై ముడి వేసుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. వైర్‌మన్‌ని చూడగానే కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏమయ్యా, తగ్గిందా?"

"నాకు తగ్గింది సార్. జనానికి తగ్గలేదు."

"నీ ఒక్కడికి తగ్గితే నేనేం చేసుకోను?"

"అందరూ నేనైపోతే సరిపోతుంది సార్."

మేనేజరు అతన్ని కాసేపు కళ్లార్పకుండా చూశాడు. "రాత్రి సరిగ్గా నిద్ర పట్టిందా?" అన్నాడు మెత్తగా.

"ఒక్క గంట సార్. ఆవిడ వచ్చి వెళ్లేదాకా. అందరూ నా పేరు, నా పాస్‌వర్డు కొట్టుకుని తిరుగుతారు. ఎవరికైనా రెండే సెకన్లు. ఆవిడ చూస్తుంది, రాసుకుంటుంది, వెళ్తుంది. తర్వాత ఎవరి పేర్లు వాళ్లకిచ్చేద్దాం."

"ఇది రూల్సుకి పూర్తి విరుద్ధం."

"అవును సార్."

"అయితే నువ్వు నాకు చెప్పలేదు, నేను వినలేదు."

"అలాగే సార్."

"మైకులో చెప్పేటప్పుడు మాత్రం గొంతు కాస్త పెంచు. ఆ మూల బాయిలరు గదిలోకి సరిగ్గా వినపడి చావదు."

మైకు ముందు నిలబడ్డాక గానీ వైర్‌మన్‌కి తన పాస్‌వర్డు ఏమిటో గుర్తుకు రాలేదు. రెండేళ్ల కిందట, ఇంట్లో పెద్ద గొడవ పడి వచ్చిన పొద్దున పెట్టుకున్న పాస్‌వర్డు అది. మార్చుకుందామంటే ప్రధాన కార్యాలయం మూడు పనిదినాలు తీసుకుంటుంది. జేబులో ఉత్తరాన్ని ఒకసారి తడుముకుని, కళ్లు మూసుకున్నాడు.

"అందరూ వినండి. పేరు, వైర్‌మన్ ఒకటి. పాస్‌వర్డు..." దగ్గాడు. "గయ్యాళి. దాని పక్కనే అంకెల్లో నలభై ఏడు."

ఫ్యాక్టరీ మొత్తం ఒక్క క్షణం ఆగినట్టయింది. ఆరబెట్టే యంత్రాలు కూడా మెల్లగా తిరిగినట్టు అనిపించింది. తర్వాత, అటు చివరి ఇస్త్రీ హాలు నుంచి తలుపులు ఒకటొకటే తెరుచుకుంటున్న చప్పుడు వినిపించింది. టక్. టక్. టక్. ఆ దూరం రావడానికి అతని భార్యకి మామూలుగా ఆరు నిమిషాలు పడుతుంది. ఇరవై సెకన్లలో ఎదురుగా నిలబడింది. లాగిన్ వేగం ఎంత పెరిగిందో వైర్‌మన్‌కి అప్పుడు అనుభవంలోకి వచ్చింది.

"నలభై ఏడేంటండీ?"

"అది... ఏదో అంకె అడిగితే..."

"గయ్యాళి అంటే అన్నారు, ఇంట్లో రోజూ వింటున్నదే. వయసు మైకులో చెప్పాలా? పైగా తప్పు! రెండేళ్ల కిందట పెట్టారంటే అప్పుడు నాకు నలభై నాలుగు. అప్పటికే మూడేళ్లు కలిపేశారన్నమాట!"

"ముందుచూపు ఉండాలని..."

"ఇంటికి రండి, చూపిస్తాను ముందూ వెనకా" అని ఆమె వెనుదిరిగింది. వెళ్లేటప్పుడు ప్రతి గుమ్మం దగ్గరా ఆ పాస్‌వర్డే కొట్టుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. ఒక్కో అక్షరం నొక్కిన చప్పుడు మైకు దాకా వినిపించింది.

పదీ నలభై అయ్యేసరికి అరవై నలుగురూ, మేనేజరుతో సహా, వైర్‌మన్ ఒకటి అయిపోయారు. ట్రాలీలు నీళ్లలా పారాయి. గుమ్మాల దగ్గర ఒక్క మనిషి ఆగలేదు. పెద్దమ్మ అల్లికసూదులు సంచిలో పడేసి నిట్టూర్చింది.

తనిఖీ అధికారిణి సరిగ్గా పదకొండింటికి వచ్చింది. మెడలో స్టాప్‌వాచీ, చేతిలో నోటు పుస్తకం, మాట కూడా కొలిచి మాట్లాడే మనిషి. గేటు దగ్గర తన స్కానరు మీద పేరు కొట్టింది. డెబ్బై ఒక్క సెకన్లు. వైర్‌మన్ వైపు చూసింది. పుస్తకంలో రాసుకుంది.

లోపల మొదటి హాల్లో ట్రాలీవాడిని ఆపింది. "నువ్వు లాగిన్ అవు. నేను చూస్తాను." రెండు. ఇంకొకరు. రెండు. పదిమందిని ఆపి పరీక్షించింది. రెండు, రెండు, రెండు. ఆవిడ స్టాప్‌వాచీని చెవి దగ్గర పెట్టుకుని విని చూసింది.

రెండో గుమ్మం దగ్గర ఆవిడ మళ్లీ తన పేరు కొట్టబోతుంటే పెద్దమ్మకి జాలేసింది. "ఇలా ఇవ్వు తల్లీ, కొత్త కదా, నీకింకా చెయ్యి తిరగలేదు" అంటూ స్కానరు లాక్కుని, అందరికీ కొట్టినట్టే కొట్టేసింది. తలుపు తెరుచుకుంది.

"నాకూ రెండే!" అంది అధికారిణి. "మరి గేటు దగ్గర ఏమైంది?"

వైర్‌మన్‌కి నోరు మూసుకోవాలనే ఉంది. కానీ ఆవిడ సమాధానం కోసం చూస్తోంది. "దుమ్ము మేడమ్" అన్నాడు.

"డబ్బాలో దుమ్మా?"

"అవును మేడమ్. మిగతావన్నీ తుడిచాం. గేటుది సరిగ్గా తుడవలేదేమో."

ఆవిడ ఆలోచించి, 'కారణం: దుమ్ము' అని రాసుకుని కింద గీత గీసింది. "మీ పోస్టు విషయంలో నేను అనుకూలంగా రాస్తాను" అంది. అప్పుడే ఆవిడ వెళ్లిపోయి ఉంటే కథ సుఖాంతమయ్యేది. కానీ మేనేజరుకి సంతోషం పట్టలేదు. "భోంచేసి వెళ్లాలి మేడమ్, మా క్యాంటీన్ కూడా చూడాలి" అన్నాడు. ఏ పనైనా చెడగొట్టాలంటే దానికి ఒక మేనేజరు సంతోషపడితే చాలు.

పావుతక్కువ పన్నెండుకి మేనేజరు ఫోను మోగింది. ప్రధాన కార్యాలయంలో ఆరోగ్య భద్రతా విభాగం.

"మీ దగ్గర వైర్‌మన్ ఒకటి అనే ఉద్యోగి ఉన్నారా అండీ?"

"ఉన్నారండీ."

"ఆయన గంట నుంచి నూట పద్దెనిమిది కిలోమీటర్లు నడిచారు. నాలుగు టన్నుల దుప్పట్లు మోశారు. ప్రస్తుతం బాయిలరు గదిలోనూ, ఆడవాళ్ల విశ్రాంతి గదిలోనూ ఒకేసారి ఉన్నారు."

"చురుకైన మనిషండీ" అన్నాడు మేనేజరు, చెమట తుడుచుకుంటూ.

"మిగతా అరవై ముగ్గురూ పదీ నలభై కల్లా మాయమైపోయారు. మీరు కూడా లేరు. ఇప్పుడు మాట్లాడేది ఎవరు?"

"నేను... లేనండీ. ఇప్పుడే వస్తాను."

"ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. ప్రాణానికి ప్రమాదం."

మేనేజరు గ్లాసు పట్టుకుని పరుగున వచ్చాడు. నిచ్చెన మీదున్న వైర్‌మన్‌ని దింపి, స్టూలు మీద కూర్చోబెట్టాడు. "తాగు. పైనుంచి ఆర్డరు."

"దాహం లేదు సార్."

"నీకు లేకపోవచ్చు. నూట పద్దెనిమిది కిలోమీటర్లకి ఉంటుంది. తాగవయ్యా బాబూ!"

పన్నెండున్నరకి క్యాంటీన్ గంట కొట్టారు. కౌంటరు వెనక గరిటె పట్టుకున్నవాడు బయటి కాంట్రాక్టరు మనిషి. స్కానరు ఒప్పుకుంటేనే అతని గరిటె లేస్తుంది. మనిషికి రోజుకి ఒకటే భోజనం. సొంత తమ్ముడు వచ్చినా రెండోది పెట్టడు. వరసలో మొదట ట్రాలీవాడున్నాడు. పళ్లెం నిండా పెట్టించుకుని వెళ్లి కూర్చున్నాడు. తర్వాత పెద్దమ్మ.

"నువ్వు తిన్నావ్ పెద్దమ్మా."

"నేనా? ఎప్పుడ్రా?"

"ఇప్పుడే. పన్నెండూ ముప్పై ఒకటికి. కూర రెండుసార్లు వేయించుకున్నావ్."

పెద్దమ్మ మొహం వాడిపోయింది. "తిన్నది కూడా మర్చిపోయే రోజులొచ్చాయా" అనుకుంటూ వెళ్లి బల్ల మీద కూలబడింది. తర్వాత వచ్చినవాడూ తిన్నాడు. ఆ తర్వాతవాడూ తిన్నాడు. ఇస్త్రీ హాలు సూపర్వైజరు వంతు వచ్చేసరికి మాట మారింది.

"ఏయ్, నా మొహం చూసి చెప్పు, నేను తిన్నానా?"

"నేను మొహాలు చూడనమ్మా. తెర చూస్తా. తిన్నారు."

"కడుపు చూడు. ఇది తిన్న కడుపులా ఉందా?"

క్యాంటీన్ అంతా గోలగోలగా తయారైంది. తింటున్నవాడు ట్రాలీవాడొక్కడే. అరవై మంది కళ్లు తన పళ్లెంలో ఉన్నా, అతను తల ఎత్తకుండా గబగబా తింటున్నాడు. ఆ గోలలోంచి దారి చేసుకుంటూ తనిఖీ అధికారిణి వచ్చి స్కానరు చూపించింది.

"మీరు కూడా తిన్నారు మేడమ్."

"నేనింకా చేతులే కడుక్కోలేదు."

"తెర మీద ఉంది మేడమ్. వైర్‌మన్ ఒకటి, భోజనం పూర్తి."

"నేను వైర్‌మన్‌నా?"

"అది నాకు తెలీదండీ. ఇది చెప్తే మీరు వైర్‌మనే."

అధికారిణి నెమ్మదిగా వెనక్కి తిరిగింది. "ఎవరిక్కడ వైర్‌మన్ ఒకటి?"

"పొద్దుట్నుంచి నేనే తల్లీ" అంది పెద్దమ్మ నీరసంగా. చెయ్యెత్తితే భోజనం పెడతారేమోనన్న ఆశతో ఇంకో ముప్పై మంది చేతులెత్తారు. మేనేజరు చెయ్యి సగం దాకా లేచి, టై సర్దుకుంటున్నట్టు నటించింది.

అసలువాడు ముందుకొచ్చాడు. దాచడానికి ఇంకేం మిగల్లేదు. డబ్బాల పొట్టలో పేరు దగ్గర్నుంచి మైకు దాకా అంతా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ ఆవిడ మొహంలో రంగులు మారాయి. దుమ్ము సంగతి వచ్చేసరికి ఎరుపు దగ్గర ఆగిపోయింది.

"నన్ను మోసం చేశారు. మిమ్మల్ని ఇప్పుడే, ఇక్కడే సస్పెండ్ చేస్తున్నాను" అంటూ తన స్కానరు పైకెత్తింది. అధికారులకిచ్చే స్కానర్లలో ఎర్ర బటన్ ఒకటి ఉంటుంది. దాని పని అదొక్కటే.

"మేడమ్, దయచేసి నొక్కకండి."

"బతిమాలితే లాభం లేదు."

"బతిమాలడం కాదు మేడమ్, అది నొక్కితే మీరు కూడా..."

నొక్కేసింది.

అరవై అయిదు స్కానర్లు ఒక్కసారిగా గుర్రుమన్నాయి. గోడ మీది స్పీకరు గొంతు సవరించుకుంది. 'వైర్‌మన్ ఒకటి సస్పెండ్ చేయబడ్డారు. సదరు ఉద్యోగి అయిదు నిమిషాల్లో ఆవరణ విడిచి వెళ్లవలెను.' హాళ్ల తలుపులన్నీ బిగుసుకున్నాయి. వీధి తలుపు ఒక్కటే తెరుచుకుని, సైరను మోగడం మొదలైంది. తోసుకుంటూ, తిట్టుకుంటూ అందరూ వీధిన పడ్డారు. ట్రాలీవాడు పళ్లెంతో సహా వచ్చాడు. చివరి మనిషి గడప దాటగానే తలుపు మూసుకుంది. కిటికీలోంచి చూస్తే, లోపల క్యాంటీన్ మనిషి ఒక్కడే అరవై మందికి వండిన భోజనం ముందు కూర్చుని కలుపుకుంటున్నాడు.

"నన్నెందుకు బయటికి పంపింది?" అంది అధికారిణి, నమ్మలేనట్టు తలుపుని తోస్తూ.

"పెద్దమ్మ మీక్కూడా నా పేరే కొట్టింది మేడమ్. అదే చెప్పబోయాను" అన్నాడు వైర్‌మన్.

ఫుట్‌పాత్ మీద జనం గుంపుగా నిలబడ్డారు. దారిన పోయేవాళ్లు సమ్మె అనుకుని పక్కకి తప్పుకుంటున్నారు. లోపల ఆఖరి విడత ఆపరేషన్ గౌన్లు ఆరబెట్టే యంత్రంలో తిరుగుతూనే ఉన్నాయి. ఇంతలో ఆసుపత్రి వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"సార్, గౌన్లేవీ? రెండింటికి ఆపరేషనుంది. డాక్టరుగారు చేతులు కడుక్కుని కూర్చున్నారు!"

మేనేజరు టై విప్పేశాడు. "నీ పోస్టు సంగతి దేవుడెరుగు, ఇప్పుడు నా పోస్టు కూడా పోయింది" అన్నాడు వైర్‌మన్‌తో. ఇరవై మూడేళ్లు తాను బిగించిన వైర్లు గోడ అవతల ఉన్నాయి, తను ఇవతల ఉన్నాడు. భార్య వచ్చి పక్కన నిలబడింది. అతని చొక్కా కాలరు సరిచేసింది. అది చూసి అతనికి ఇంకా ఎక్కువ భయమేసింది.

అధికారిణి ప్రధాన కార్యాలయానికి ఫోను చేసింది. సైరను మోతలో వినపడక స్పీకరు పెట్టింది. అవతల ఎవరో వయసు మళ్లిన గుమాస్తా, కీబోర్డు మీద వేళ్లు ఆడిస్తూ మాట్లాడుతున్నాడు.

"మేడమ్, మీ పేరు మీద గేటు దగ్గర ఒక్కటే లాగిన్ ఉంది. పదకొండూ ఇరవైకి వెళ్లిపోయారు. తనిఖీ మధ్యలో వదిలేసి ఎక్కడికి వెళ్లారండీ?"

"నేనెక్కడికీ వెళ్లలేదు! ఇక్కడే ఉన్నాను! ఆ వైర్‌మన్‌ని సస్పెండ్ చేసింది నేనే!"

"కాదండీ. రికార్డులో అలా లేదు. పన్నెండూ నలభై తొమ్మిదికి వైర్‌మన్ ఒకటిని సస్పెండ్ చేసింది... ఒక్క నిమిషం..." వేళ్ల చప్పుడు ఆగింది. "వైర్‌మన్ ఒకటేనండీ."

వీధిలో అందరూ ఊపిరి బిగబట్టారు. ఈసారి లాగిన్ కోసం కాదు.

"ముప్పై ఏళ్లుగా ఈ సీట్లో ఉన్నాను మేడమ్" అన్నాడు గుమాస్తా. "తప్పు ఒప్పుకున్నవాణ్ణే చూడలేదు. తన మీద తనే చర్య తీసుకున్నవాణ్ణి ఇప్పుడు చూస్తున్నాను. అరవై నలుగురి పని ఒక్కడే చేశాడు, లాగిన్ రెండు సెకన్లకి తెచ్చాడు, ఆఖరికి తనని తనే సస్పెండ్ చేసుకున్నాడు. ఏం తప్పు చేశాడండీ అంత మనిషి?"

అధికారిణి చెప్పడానికి నోరు తెరిచింది. చెప్పాలంటే, తాను ఒక వైర్‌మన్ పేరుతో ఫ్యాక్టరీ అంతా తిరిగానని చెప్పాలి. లాగిన్ ఆలస్యానికి కారణం దుమ్మని రాసి, కింద గీత గీశానని కూడా చెప్పాలి. తెరిచిన నోరు అలాగే మూసుకుంది. పెద్ద చదువులు చదివిన ఆవిడకి కూడా చివరికి ఆ ఉపాయమే పనికొచ్చింది.

"ఏం... చిన్న తప్పేలెండి" అంది.

"అయినా తనని తాను సస్పెండ్ చేసుకోవడం చెల్లదండీ. విచారణ జరగాలి. అది తేలేదాకా ఆయన విధుల్లో ఉండాల్సిందే. సస్పెన్షన్ తీసేస్తున్నాను."

సైరను ఆగింది. తలుపు టక్కున తెరుచుకుంది. అరవై నలుగురు వైర్‌మన్లు, ఒక మేడమ్ వైర్‌మన్ లోపలికి పరిగెత్తారు. గౌన్లు ఒకటీ యాభై రెండుకి వ్యానెక్కాయి. క్యాంటీన్లో మాత్రం మళ్లీ కొత్తగా వండాల్సి వచ్చింది.

నెల తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. తొమ్మిది యూనిట్లలోనూ అత్యుత్తమ ఫలితం సాధించిన విధానాన్ని అన్నిచోట్లా అమలు చేయాలని నిర్ణయించారు. కాంట్రాక్టరు మనిషి ఊరూరూ తిరిగి ప్రతి డబ్బా పొట్టలోనూ ఆ ఒక్క పేరే రాశాడు. హాజరు వేయడానికి, భోజనం పెట్టడానికి పాతకాలపు కాగితం పుస్తకాలు తిరిగొచ్చాయి. తలుపులకి, మూటలకి, ఆఫీసు పనులన్నిటికీ మాత్రం రెండు వేల మంది ఒకే పేరుతో లాగిన్ అవుతున్నారు. వైర్‌మన్ పోస్టుని రద్దు చేసే ప్రసక్తే లేదనీ, దాన్ని తాకితే తొమ్మిది యూనిట్లూ ఆగిపోతాయనీ అడుగున రాశారు. పాస్‌వర్డు లావుపాటి అక్షరాల్లో అచ్చయింది. భార్య అతనితో వారం రోజులు మాట్లాడలేదు. ఆ వారమన్నా అతనికి హాయిగా గడవాల్సింది గానీ, పన్ను నొప్పి పట్టుకుంది.

దవడ వాచింది. పన్ను పీకించుకుని ఇంట్లో పడుకోవడానికి రెండు రోజుల సెలవు కావాలని దరఖాస్తు పెట్టాడు.

"ఇస్తారంటారా?" అంది భార్య. వారం తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"ఎందుకివ్వరు? ఇప్పుడు నేను మామూలు మనిషినా?" అన్నాడు చెంప పట్టుకుని.

"అదేగా నా అనుమానం. ఉద్యోగం పోతుందని అప్పుడు నిద్రపోలేదు. ఇప్పుడిక పోదు. మిమ్మల్నీ ఎక్కడికీ పోనివ్వదు."

మూడో రోజున జవాబొచ్చింది. మీరు సెలవులో ఉన్నట్టు నమోదు చేస్తే రెండు వేల మందికి తలుపులు తెరుచుకోవు కనుక, మీ దరఖాస్తును విచారంతో తిరస్కరించడమైనది, మీ పన్నుకు త్వరగా నయం కావాలని కోరుకుంటున్నాము, అని ఉంది. ఇంత దయలేని మనిషెవరా అని వైర్‌మన్ కళ్లజోడు పెట్టుకుని సంతకం ఉండాల్సిన చోట వెతికాడు.

తిరస్కరించినవారు: వైర్‌మన్ ఒకటి.